పాత వింటి వెల కట్టుట ఎట్లు?

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని మెడలోని గంటలను చూడడు. నోరు తెఱపించి పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి నడక చూచును. మూపుపై చేయి వైచి నిమిరి చూచును. అమ్మువాని మాటలను వినుచునే యుండును గాని, వెలను మాత్రము తన కన్నును తన చేయియు చెప్పినట్లే కట్టును. పాతవస్తువు ఏది కొనవలసి వచ్చినను ఈ పద్ధతియే మేలైనది. ఈ వ్యాసమున మేము ఒక పాత వింటిని ఉదాహరణముగా గైకొని ఆ పద్ధతిని వివరింప దలచితిమి.

విల్లు అన్నంతనే మన బాలబాలికలకు రాముడు విఱిచిన శివధనుస్సును, అర్జునుని గాండీవమును మనసునకు వచ్చును. మేమిచ్చట చెప్పబోవునది అట్టిది కాదు. ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున అమెరికా దేశపు కర్మాగారములలో వేటకై తయారైన విల్లు. అట్టివి నేటికిని ఆ దేశమున పాతసామానుల అంగళ్లలోను, ఇండ్ల అటకలమీదను కనబడుచున్నవి. మన తెలుగు కుటుంబములు పెక్కు నేడు ఆ దేశమున నివసించుచున్నవి గదా. కావున ఈ క్రింది సంగతి జరుగ వీలులేనిది కాదు.

మిషిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న తెలుగువా డొకడు తన కుమారునితో అట్టి యంగడి కేగెననుకొందము. గోడకు ఒక విల్లు వ్రేలాడుచున్నది. 14 ఏండ్ల కుమారుడు దానిని చూచి, "నాన్నగారూ, ఇది కొనిపెట్టరా?" అని యడిగెను. పిడియందు నాణెమువంటి బిళ్ల యొకటి పొదిగి యున్నది. దాని చెంత సన్నని యక్షరములతో సంస్థ పేరును, 'కెనడా 1953' అను వ్రాతయు, 45 అను అంకెయు నున్నవి. అంగడివాడు, "ఇది 1953 నాటి విల్లు. ఇట్టిది మరల దొరకదు. వెల నూఱు డాలర్లు" అనెను.

తండ్రి ఏమి చేయవలెను? నూఱు డాలర్లు ఊరక పాఱవేయదగిన సొమ్ము కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. విల్లు పూర్తిగ లాగినపుడు లాగువాని ముఖమునకు మిక్కిలి చేరువగా నుండును. లోపమున్న విల్లు ఆ సమయమున విఱిగినచో కంటికే ప్రమాదము. కాబట్టి ఇది సొమ్మునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

ఈ విల్లు ఎట్టిది?

మామూలు విల్లు ఒకే వంపుగా విలుకానివైపు వంగి యుండును. మన తండ్రీకొడుకులు చూచిన వింటి కొసలు మాత్రము విలుకానికి ఎదుటివైపునకు మరల వంపు తిరిగియుండును. దీనినే రికర్వు విల్లు అందురు. అల్లెత్రాటిని లాగినకొలది ఆ కొసల వంపు విప్పుకొనును. విడిచినంతనే మరల ముడుచుకొనుచు అమ్మును వేగముగ నెట్టును. అందువలన పొడవు తక్కువైనను ఈ విల్లు ఎక్కువ శక్తిని దాచుకొనగలదు. పొదలనడుమ నడచువానికి పొట్టి విల్లే సుఖము గనుక వేటకాండ్రు దీనిని మెచ్చిరి. ఒలింపిక్ క్రీడలలో వాడునదియు ఈ జాతి విల్లే. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ నగరమున పోటీ చేసినది రికర్వు వింటితోనే. అయితే క్రీడావిల్లునకు గుఱిచూచు పరికరములును, అదురు నణచు కడ్డీలును ఉండును. పాత వేటవిల్లు ఇవి యేమియు లేని ఒంటికఱ్ఱవలె కనబడును.

కనబడుటకు ఒంటికఱ్ఱయే గాని యది నిజముగ పొరల కూర్పు. నడుమ చేవగల కఱ్ఱతో పిడి. దానికి పైనను క్రిందను పలుచని మేపిల్ చెక్కలు. ఆ చెక్కలకు ముందును వెనుకను గాజునార పొరలు. వీనినన్నిటిని గట్టి బంకతో అతికి, అచ్చులో బిగించి, వేడిమిచే గట్టిపఱతురు. పిడికి ఇరువైపుల గల భాగములను మేమిచ్చట రెక్కలు అని పిలుతుము. వింటి ప్రాణమంతయు ఈ రెక్కలలోను, వాని పొరల నడిమి బంకలోను ఉన్నది. ఈ సంగతి మఱవకున్నచో ముందు చెప్పబోవు పరీక్ష సులభముగ బోధపడును.

వింటితో వేటాడుటపై అమెరికాలో మరల మక్కువ కలుగుటకు శాక్స్‌టన్ పోప్ అను వైద్యుడు 1923లో ప్రకటించిన గ్రంథము ఒక కారణము. ఫ్రెడ్ బేర్ అను నతడు 1933లో డెట్రాయిట్ నగరమున చిన్న సంస్థను స్థాపించి, 1947లో దానిని మిషిగన్ లోని గ్రేలింగ్ అను ఊరికి తరలించెను. అచ్చట తయారైన కోడియాక్, గ్రిజ్లీ అను విండ్లకు గొప్ప పేరు వచ్చెను. ఆర్కన్సా రాష్ట్రపు పైన్ బ్లఫ్ లో బెన్ పియర్సన్ సంస్థయు, మిస్సోరీ రాష్ట్రపు సెయింట్ లూయిస్ లో హోయిట్ సంస్థయు పేరొందినవి. గాజునార వాడుకలోనికి వచ్చుటచే ఒకే మాదిరి విండ్లను పెద్ద సంఖ్యలో చేయుట సాధ్యమయ్యెను.

1969లో హోలెస్ విల్బర్ ఆలెన్ అను మిస్సోరీ వాసికి కప్పీలు గల కాంపౌండు వింటిపై పేటెంటు లభించెను. పూర్తిగ లాగి నిలుపునపుడు చేతికి తక్కువ బరువే తగులుట దాని విశేషము. తరువాతి యేండ్లలో వేటకాండ్రు పలువురు దానిని చేపట్టిరి. పాత రికర్వు విండ్లు అటకల కెక్కినవి. ఇప్పటికిని అవి విరివిగ దొరకుటకు ఇదియే కారణము. పాతదైనంత మాత్రమున వస్తువు అరుదైనది కాదని ఇందుచే తెలియుచున్నది.

వ్రాతను చదువుట

ఇపుడు ఆ వింటిపై వ్రాతను చూతము. 'కెనడా 1953' అను మాటను చూచి అంగడివాడు విల్లు 1953లో పుట్టినదనెను. అతడు అబద్ధమాడలేదు. అక్షరములను సరిగనే చదివెను గాని అర్థమును గ్రహింపలేదు. ఆ సంవత్సరము బేర్ సంస్థకు కెనడా దేశమున లభించిన పేటెంటునకు సంబంధించినది. ఆ తరువాత పెక్కేండ్లు తయారైన విండ్లమీదను అదే వ్రాత ముద్రింపబడుచు వచ్చెను. ఈ పొరపాటు అమ్మువారిలోను కొనువారిలోను నేటికిని సాధారణము.

మఱి నిజమైన వయసు తెలియుటెట్లు? పిడిలోని బిళ్లయే సాక్ష్యము చెప్పును. ఆ సంస్థ విండ్లలో బిళ్లను పొదుగుట 1959లో మొదలయ్యెను. కనుక బిళ్ల గల విల్లు 1953 నాటిది కానేరదు. 1972 వఱకు బిళ్ల కఱ్ఱతో సమమట్టముగ నుండెడిది. 1973 నుండి కఱ్ఱకంటె కొంచెము పైకి ఉబికి యుండునట్లు పొదిగిరి. వ్రేలితో తడిమినచో ఈ భేదము తెలియును. ఆ సంస్థ 1978లో ఫ్లోరిడా రాష్ట్రపు గెయిన్స్‌విల్ నగరమునకు తరలెను. కావున గెయిన్స్‌విల్ అను పేరున్న విల్లు అంతకు పూర్వపుది కాదు. ఒక్క వ్రాతను నమ్మక, వ్రాతకు వస్తువును, వస్తువునకు వ్రాతను సరిచూచుటయే వయసు కనుగొను మార్గము.

తరువాత 45 అను అంకె. అది లాగుబరువు. అనగా అల్లెత్రాటిని 28 అంగుళములు లాగినపుడు చేతికి తగులు బరువు 45 పౌనులని యర్థము. ఒక పౌను సుమారు 454 గ్రాములు. కనుక ఇది 20 కిలోలకు పైమాట. అందఱి చేతులు ఒకే పొడవు గలవి కావు. ఇట్టి వింటికి లాగుట ఒక అంగుళము తగ్గినచో బరువు సుమారు రెండు మూడు పౌనులు తగ్గును. 25 అంగుళములు మాత్రమే లాగగల బాలునకు ఈ విల్లు 37 లేక 38 పౌనులుగ తోచును.

దేహపరీక్ష

వ్రాత చదివినంతనే విల్లు లాగి చూడరాదు. మొదట అల్లెత్రాడు లేకుండగనే వెలుతురులో పరీక్షింపవలెను. రెక్కల అంచులను మెల్లగ వంచి చూడగా ఎచ్చటనైన పొరల నడుమ సన్నని సందు కనబడినచో బంక విడినదని గ్రహింపవలెను. అట్టి వింటికి గోడమీద తప్ప చోటు లేదు.

గాజునార పొరపై గీతలు రెండు విధములు. రెక్క పొడవునకు సాగిన సన్నని వెండ్రుకవంటి గీతలు పాత విండ్లలో తఱచుగ నుండును. అవి పైపైనివే యైనచో అంతగా భయపడ బనిలేదు. రెక్కకు అడ్డముగ సాగిన బీట ప్రమాదకరము. కంటికి ఆనని బీటను కనుగొనుటకు చౌకయైన యుపాయ మొకటి కలదు. గుప్పెడు దూదిని తీసికొని రెక్క పొడవునను అంచులమీదను మెల్లగ రుద్దవలెను. నార లేచినచోటను, బీట వాఱినచోటను దూదిపోగు చిక్కుకొని నిలుచును. వ్రేలితో చూచుటకంటె ఇది మేలు. గాజునార ముల్లు వ్రేల గ్రుచ్చుకొన్నచో తీయుట కష్టము.

పిమ్మట వింటికొప్పులను చూడవలెను. అల్లెత్రాడు కూర్చుండు గాడి అరిగిపోయినదేమో, కొస చీలినదేమో పరికింపవలెను. పిడిపై మేకుల బెజ్జములున్నవేమో లెక్కింపవలెను. ఆ కాలపు వేటకాండ్రు పెక్కుమంది గుఱి పరికరములను, అమ్ములపొదిని బిగించుటకై పిడికి బెజ్జములు చేసిరి. లోతులేని చిన్న బెజ్జములచే వింటి పనికి లోపము రాదు గాని వెల తగ్గును.

ఇంతవఱకు లోపము కనబడనిచో, అమ్మువాని యనుమతితో విల్లు ఎక్కుపెట్టి చూడవలెను. అల్లెత్రాటిని కొప్పులకు తగిలించుటను ఎక్కుపెట్టుట యందురు. కాలిసందున విల్లు ఇఱికించి తొడతో అదిమి ఎక్కుపెట్టుట పూర్వము వాడుకలో నుండెను. రెక్కలు మెలిపడుటకు ఆ యలవాటే ఒక కారణము. రెండు కొప్పులకును తగిలి, కాలితో త్రొక్కిపట్టుటకు వీలగు త్రాడొకటి ఈ పనికై అమ్ముదురు. దానిచే రెండు రెక్కలును సమముగ వంగును.

ఎక్కుపెట్టిన వింటిని కొసనుండి కంటికి సూటిగ పట్టి చూడవలెను. అల్లెత్రాడు రెండు రెక్కల నడిమి గీతపైనే సాగిపోవలెను. ఒక రెక్క ప్రక్కకు ఒఱగినచో మెలి యున్నదన్నమాట. కొలది మెలిని వేడినీటితో రెక్కను వెచ్చచేసి, ఎదురుదిశకు మెల్లగ త్రిప్పి పట్టి, చల్లార్చి సరిచేయుదురు. అల్లెత్రాడు గాడినుండి జాఱిపోవునంతటి మెలి యున్నచో ఆ వింటిని విడుచుటయే బుద్ధి.

అటుపిమ్మట కొంచెము కొంచెముగ లాగి, శబ్ద మేమైన వచ్చునేమో వినవలెను. చిటచిట మన్నంతనే ఆపి మెల్లగ దించవలెను. అమ్ము లేకుండ అల్లెత్రాటిని లాగి విడువరాదు. అమ్మునకు పోవలసిన శక్తి యంతయు రెక్కలకే తిరిగి తగిలి, నిర్దోషమైన విల్లు సయితము పగిలిపోవును. అంగళ్లలో పిల్లలు వేడుకకు చేయు తప్పు ఇదియే.

పాత అల్లెత్రాటిని నమ్మరాదు. దానిని మార్చునపుడు డాక్రాను దారముతో పేనినదానినే కొనవలెను. ఏమాత్రము సాగని నేటి గట్టి దారములు ఆ కాలపు వింటికొప్పులను చీల్చివేయవచ్చును.

ఎవరికి ఎంత వెల?

పరీక్షలో నెగ్గిన వింటికి ఎంత ఇయ్యవచ్చును? దీనికి ఒకే సమాధానము లేదు. కొనువారు మూడు తెఱగులవారు.

మొదటివాడు సేకరించువాడు. అతనికి ఏ మాదిరి, ఏ సంవత్సరము, ఎన్ని మిగిలినవి అనునవి ముఖ్యము. తొలినాటి వార్నీషు చెక్కు చెదరకుండిన సంతసించును. బాగుచేయుద మని ఎవరైన పాత వార్నీషును గీకి క్రొత్తది పూసిరా, అతని దృష్టిలో వెల పడిపోవును. ముద్రిత అక్షరములును ఆ గీకుడులో పోవును గదా. బెజ్జములున్న వింటిని ముట్టను గూడ ముట్టడు.

రెండవవాడు విల్లు వేయువాడు. అతనికి రెక్కలు తిన్నగ నుండుట, బరువు చేతికి తగుట ముఖ్యము. అమెరికాలో పలు రాష్ట్రములు జింకల వేటకు వింటి కనీసపు బరువును నిర్ణయించినవి. అందుచే 40 మొదలు 55 పౌనుల వఱకు గల విండ్లకు గిరాకి హెచ్చు. 60 దాటినవానిని లాగగలవారు కొలదిమంది. ఏ చేతివాటపు విల్లో గూడ చూడవలెను. కుడిచేతి విల్లు అనగా ఎడమచేత పట్టి కుడిచేత లాగునది. విలుకానికి చూడగా అమ్ము నిలుచు మెట్టు పిడికి ఎడమప్రక్క నుండును. ఇది తెలియక ఎడమచేతి వింటిని కొని యింటికి తెచ్చుకొన్నవారు కలరు.

మూడవవాడు నేర్చుకొనువాడు. అతనికి మొదటి యిద్దఱు మెచ్చిన విల్లు పనికిరాకపోవచ్చును. మొదటి దినములలో బాలురకు 20 పౌనుల చేరువ బరువే చాలును. మోయరాని వింటితో నేర్చినవాని చేయి వణకును, భుజము పైకెత్తుకొనును, ఆ దోషమే యలవాటగును. భుజము బెణకుటయు కలదు.

వెల లెక్కించుటకు అడుగు ధరలు ఆధారము కావు. అదే మాదిరి విండ్లు నిజముగ ఎంతకు అమ్ముడుపోయినవో విచారింపవలెను. ఉదాహరణకు నిర్దోషమైనవి 120 డాలర్లకు పోయినవని తెలిసె ననుకొందము. క్రొత్త అల్లెత్రాటికిని ఎక్కుపెట్టు త్రాటికిని 35 తీసివేసితిమి. రెండు బెజ్జములకై మఱి 15 తగ్గించితిమి. మిగిలినది 70. ఈ అంకెలు పద్ధతి తెలియుటకు మేము వేసినవే గాని బజారు ధరలు కావు. తీసివేతలను అమ్మువానికి చూపి మర్యాదగ బేరమాడినచో అతడును నొచ్చుకొనడు.

ఇక మన దేశపు సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఇచ్చట వన్యమృగముల వేట నిషిద్ధము. వేటవిల్లు అను పేరున్నను మన బాలురకు గడ్డిమోపుపై అతికిన గుఱికాగితమే లక్ష్యము కావలెను. అదియును పెద్దల యెదుట, వెనుక ఎవరును నడువని చోటున.

తుదకు ఆ తండ్రి ఏమి చేయవలెను? దూదితో తుడిచి చూడగా పోగు చిక్కలేదు. అల్లెత్రాడు నడిమి గీతపైననే నిలిచినది. విల్లు గట్టిది. కాని 1953 నాటిది కాదు, నూఱు డాలర్లు చేయదు, 14 ఏండ్ల బాలుని తొలి విల్లు అసలే కాదు. తాను వేయదలచినచో తగ్గించిన వెలకు కొనవచ్చును. బాలునకు మాత్రము తేలికయైన విల్లు వేఱుగ చూడవలసినదే. ఈ మాట విన్న బాలునకు ఆ సాయంకాలము కొంత దుఃఖము కలుగవచ్చును. అయినను దూదిపోగు ఎట్లు పట్టవలెనో, బిళ్లను వ్రేలితో ఎట్లు తడుమవలెనో వాడు ఆ యంగడిలోనే నేర్చెను. మఱుసారి పాతవస్తువు కొనబోవునపుడు తండ్రికి వాడే తోడు.